స్మారక మ్యూజియం: ఆకారం కంటే ముందు తేల్చుకోవాల్సినవి

జరిగిన చరిత్రను, ఒక సమాజం జ్ఞాపకాన్ని మ్యూజియం భవనమే ఎలా చెప్పగలదు, అందుకు ప్రతీకలాంటి ఆకారం ఇస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న. సరిపోదు. విరిగిన కత్తి, ఆరిన దీపం, ఎగిరే పావురం ఆకారంలో భవనం గీస్తే పోటీలో న్యాయనిర్ణేతలకు నచ్చొచ్చు, డ్రోన్ ఫొటోలోనూ బాగుంటుంది. లోపల నడిచే మనిషికి మాత్రం ఆ ఆకారం కనబడదు. ఎక్కడి నుంచి లోపలికి వచ్చాడు, ఎంత లోతు దిగాడు, కాళ్ల కింద నేల ఎలా ఉంది, దేన్ని తప్పించుకుని వెళ్లలేకపోయాడు, చివరికి ఎక్కడ బయటపడ్డాడు అన్నవే అతనికి తెలుస్తాయి. స్మారక మ్యూజియంలో నిజంగా పనిచేసేది ఈ వరుసే. అందుకే ఎలివేషన్ (బయటి ముఖం) జోలికి పోకముందే సెక్షన్ (భవనాన్ని నిలువునా కోసి చూపే బొమ్మ) గీయండి, దాని మీద సందర్శకుడి దారిని పెన్సిల్‌తో చివరిదాకా నడిపించండి.

బెర్లిన్‌లో డానియెల్ లిబెస్కిండ్ కట్టిన యూదు మ్యూజియాన్నే తీసుకోండి. మెరుపులా వంకర్లు తిరిగిన దాని ఆకారం గురించే అందరూ మాట్లాడతారు. కానీ ఆ జింకు రేకుల భవనానికి వీధిలోంచి ద్వారమే లేదు. పక్కనున్న 1735 నాటి పాత భవనంలోంచి వెళ్లి, మెట్లు దిగి, నేల కింద మూడు దారులు కలిసే చోటికి చేరాలి. నగర చరిత్రలోంచి తప్ప యూదుల చరిత్రలోకి వేరే దారి లేదన్న మాట బోర్డు అక్కర్లేకుండానే అందుతుంది. ఒక దారి బయట తోటలోకి తీసుకెళ్తుంది: 49 కాంక్రీటు స్తంభాలు, వంపు తిరిగిన నేల, ఆ నేలకు లంబంగా నిలిపిన స్తంభాలు. కంటికి నిటారుగా అనిపించేది ఒంటికి ఒరిగినట్టు తెలుస్తుంటే నాలుగడుగుల్లోనే తల తిరుగుతుంది. ఇంకో దారి 24 మీటర్ల ఎత్తున్న ఖాళీ కాంక్రీటు గోపురంలో ఆగిపోతుంది. అక్కడ హీటింగ్ లేదు, పైనెక్కడో సన్నని చీలికలోంచి వెలుతురు, గోడల అవతల ఊరి చప్పుడు లీలగా వినబడుతుంది. ఈ రెండింటిలోనూ ప్రదర్శన వస్తువు ఒక్కటీ లేదు. ఈ భవనాన్ని వస్తువులేవీ పెట్టకముందే, 1999 నుంచి 2001 దాకా, ఖాళీగానే జనానికి చూపించారు. లక్షల్లో వచ్చారు. నింపిన తర్వాత పదును కొంత తగ్గిందన్న విమర్శ కూడా అప్పుడే మొదలైంది, అందులో న్యాయం లేకపోలేదు.

వరుసను వేరే విధంగా పేర్చినవీ ఉన్నాయి. నాజీలు యూదులపై సాగించిన మారణహోమాన్ని చెప్పే వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో (జేమ్స్ ఇంగో ఫ్రీడ్, 1993) లిఫ్టులో నేరుగా నాలుగో అంతస్తుకు ఎక్కించి, అక్కణ్నుంచి కిందికి దింపుతారు. అదే నగరంలో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో దీనికి తలకిందులు. లిఫ్టు దిగుతుంటే గోడ మీద సంవత్సరాలు వెనక్కి పోతాయి, 15వ శతాబ్దంలో దింపుతుంది, అక్కణ్నుంచి మెల్లగా పైకి నడుచుకుంటూ రావాలి. జెరూసలేంలో మోషే సఫ్దీ కట్టిన యాద్ వషెమ్ మ్యూజియం (2005) కొండను చీల్చుకుని పోయే సుమారు 180 మీటర్ల త్రికోణపు కాంక్రీటు సొరంగం. చివరనున్న వెలుతురు మొదట్లోనే కనిపిస్తుంది, కానీ నేరుగా నడిచిపోలేరు. నేలను అడ్డంగా కోసిన కందకాలు ప్రతిసారీ పక్క గదిలోకి మళ్లిస్తాయి. ఒక్క గదినీ దాటవేయనివ్వని ప్లాన్ అది.

అయితే ఇలాంటి బలవంతపు వరుసలో పొరపాటు జరిగేది లెక్కల దగ్గర. లిఫ్టులోనే కథ మొదలుపెట్టాలనుకుంటే ముందు దాని సామర్థ్యం చూడండి. 20 మంది పట్టే లిఫ్టు ఎక్కించుకుని, దింపి, తిరిగి రావడానికి 3 నిమిషాలనుకుంటే గంటకు 400 మంది. రద్దీ వేళ గంటకు 1,200 మంది వస్తారనుకుంటే మూడు లిఫ్టులు చాలవు, నాలుగోది ఉండాలి, ఎందుకంటే ఏదో ఒకటి ఎప్పుడూ మరమ్మతులో ఉంటుంది. ర్యాంపుతో దింపాలనుకుంటే 1:12 వాలులో 4 మీటర్లు దిగడానికి 48 మీటర్ల నడక. ప్రతి 75 సెంటీమీటర్ల దిగుడుకీ 1.5 మీటర్ల చదును పెట్టాలి కాబట్టి దాదాపు 56 మీటర్లు. వీల్‌చైర్ తోసేవాళ్లకు అది కూడా కష్టమే. గ్యాలరీ నేలే ర్యాంపు అయితే 1:20కి తగ్గించండి, అప్పుడు 80 మీటర్లు పడుతుంది. ఆ పొడవు స్థలంలో లేకపోతే కథ మార్చుకోవాలే తప్ప వాలు పెంచకూడదు. నేలను కావాలనే ఒరిగించే ప్రయోగం చేస్తే అది ఒక పక్క గదిలోనో తోటలోనో ఉండాలి, ముఖ్యమైన దారిలో కాదు.

ఇంకో రెండు విషయాలు. మధ్యలో బయటపడే దారి ఉండాలి. పిల్లలతో వచ్చినవాళ్లు, ఆ ఘటనలోంచే బతికి బయటపడ్డవాళ్లు అన్నీ చూడలేరు, ముందుకీ వెనక్కీ పోలేక ఇరుక్కుపోతే దాన్ని అనుభవం అనరు. అగ్నిప్రమాదపు ద్వారాలు కూడా మొదటి స్కెచ్‌లోనే పడాలి. చీకటి గది, మూసుకుపోయిన దారి అంటూ అన్నీ గీసేశాక ఫైర్ వాళ్లు వచ్చి మధ్యలో ఆకుపచ్చ బోర్డు వెలిగే తలుపు పెట్టమంటారు. మొత్తం గదిలో కంటికి మొదట కనబడేది అదే అవుతుంది.

భవనంతో పనిలేకుండా వరుసను మార్చే ఉపాయాలూ ఉన్నాయి. జొహానెస్‌బర్గ్‌లోని అపార్థైడ్ (దక్షిణాఫ్రికా జాతి వివక్ష పాలన) మ్యూజియంలో టికెట్టు మీదే తెల్లవాళ్లు, తెల్లవాళ్లు కానివాళ్లు అని యాదృచ్ఛికంగా ముద్రించి ఉంటుంది, ఆ ప్రకారమే వేర్వేరు ద్వారాల్లోంచి వెళ్లాలి. కలిసి వచ్చిన కుటుంబం గుమ్మం దగ్గరే విడిపోతుంది. కొన్ని కోట్లు పోసి కట్టిన ఏటవాలు గోడ చేయలేని పని రెండు తలుపులు చేశాయి.

ఇక వస్తువులు. ప్రతీక కంటే సాక్ష్యం బలమైంది, అందులోనూ పెద్ద సాక్ష్యాలు. కానీ పెద్ద వస్తువు భవనం పూర్తయ్యాక లోపలికి రాదు. ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో జాతి వివక్ష కాలపు రైలు బోగీని, అమెరికాలోని లూసియానా రాష్ట్రపు అంగోలా జైలు కాపలా గోపురాన్ని 2013లోనే క్రేన్లతో గోతిలోకి దించి, వాటి చుట్టూ పైకప్పు కట్టారు. హోలోకాస్ట్ మ్యూజియంలో సరుకు రవాణా బోగీ కూడా అంతే. కాబట్టి సేకరణ కమిటీ, స్ట్రక్చరల్ ఇంజనీరు మొదటి నెలలోనే కూర్చుని జాబితా వేసుకోవాలి: ఏ వస్తువు, ఎంత బరువు, ఎంత పొడవు, ఏ వైపు నుంచి వస్తుంది, క్రేన్ ఎక్కడ నిలబడుతుంది. మామూలు గ్యాలరీ స్లాబును చదరపు మీటరుకు 500 కిలోల లెక్కన వేస్తారు. బోగీ, యంత్రం, రాతి శాసనం లాంటివి ఉంటే ఆ చోట విడిగా లెక్క కట్టాలి, వీలైతే నేల మీదే కూర్చోబెట్టాలి. తర్వాత దాన్ని బాగుచేయడానికి బయటికి తీయలేరు కాబట్టి చుట్టూ మనిషి తిరిగే జాగా, పక్కనే పనిముట్లకు కరెంటు పాయింటు కూడా అప్పుడే వదిలిపెట్టండి.

ఘటన జరిగిన చోటే మ్యూజియం కడితే ఆ చోటే అన్నిటికంటే పెద్ద వస్తువు, భవనం దానికి దారివ్వాలి. హిరోషిమాలో కెంజో టాంగే 1955లో చేసిందదే. మ్యూజియాన్ని స్తంభాల మీద పైకెత్తాడు. దాని కిందినుంచి చూస్తే కమానులాంటి సమాధి, దాని వెనక బాంబు పడి మిగిలిన గోపురం ఒకే గీత మీద కనిపిస్తాయి. ఆ గోపురాన్ని శాశ్వతంగా ఉంచాలని నగర మండలి తీర్మానించింది 1966లో. అంటే ఉంటుందో కూల్చేస్తారో తేలకముందే ఆర్కిటెక్ట్ తన గీతను దానివైపు తిప్పాడు. ఏథెన్స్‌లో బెర్నార్డ్ షూమీ అక్రోపోలిస్ మ్యూజియం (2009) రెండు పనులు చేస్తుంది. కింద బయటపడిన పాత పేట శిథిలాల మీద స్తంభాలతో తేలుతుంది, పై అంతస్తు మాత్రం కింది అంతస్తుల నుంచి 23 డిగ్రీలు తిరిగి, కొండ మీది పార్థెనాన్‌కు సమాంతరంగా నిలుస్తుంది. అక్కడ 160 మీటర్ల శిల్పాల పట్టీని అసలు గుడిలో ఉన్న వరుసలోనే పేర్చారు, లండన్‌లో ఉండిపోయిన ముక్కల స్థానంలో తెల్లటి ప్లాస్టర్ నకళ్లు పెట్టారు. పక్కపక్కన చూస్తే ఏది అసలు, ఏది లేనిది అన్నది రంగే చెప్పేస్తుంది. నకలుకు రంగు వేసి కలిపేసి ఉంటే ఆ మాట పోయేది.

శిథిలాల మీద అద్దపు నేల ఇప్పుడు ఫ్యాషన్ అయింది గనుక చెబుతున్నాను, అది కనిపించినంత సులువు కాదు. కింద మట్టిలోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది, పైన ఏసీ అద్దాన్ని చల్లబరుస్తుంది, అడుగున నీటి బిందువులు పట్టి నెలకల్లా ఏమీ కనబడదు. దీపాలు ఎప్పుడూ వెలుగుతుంటే నాచు, ఆ తర్వాత చిన్న మొక్కలు మొలుస్తాయి. కింది గుంతలోకి తేమ తీసిన గాలి ఆడించాలి, మనుషులు లేనప్పుడు దీపాలు ఆరిపోయే ఏర్పాటుండాలి, శుభ్రం చేసేవాళ్లు దిగడానికి మూత ఉండాలి. అద్దం మీద చుక్కల ముద్ర వేయించాలి, జారకుండా ఉండటానికి, కింద నిలబడ్డవాళ్లకు పైనున్నవాళ్లు కనబడకుండా ఉండటానికి కూడా. స్తంభాలు ఎక్కడ దిగాలో పురావస్తు తవ్వకం అయ్యాకే తేలాలి. ముందే స్తంభాల గ్రిడ్ గీసుకుని వస్తే పునాది సరిగ్గా ఏ పాత గోడ నెత్తినో పడుతుంది.

పాత భవనాన్నే మ్యూజియంగా మార్చేటప్పుడు గాయాన్ని మాన్పాలా, ఉంచాలా అన్న ప్రశ్న వస్తుంది. బెర్లిన్‌లోని నోయస్ మ్యూజియం యుద్ధంలో బాంబులకు కూలి దశాబ్దాలు శిథిలంగా పడి ఉంది. డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ బృందం 2009కి దాన్ని తిరిగి నిలబెట్టింది. పెద్ద మెట్లదారిని పాత చోటే, పాత కొలతల్లోనే కట్టారు గానీ పాత అలంకారాలు పెట్టలేదు. మార్బుల్ తునకలు కలిపిన తెల్లటి ప్రీకాస్ట్ (ముందే పోత పోసి తెచ్చిన) కాంక్రీటు, చుట్టూ కాలిన ఇటుక గోడ. నా దృష్టిలో మరమ్మతుకు ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి లేదు. దూరం నుంచి చూస్తే గది పూర్తిగా ఉంటుంది, దగ్గరికి వెళ్తే ఏది ఎప్పటిదో తెలుస్తుంది. చిన్న పనుల్లోనూ ఇదే పాటించొచ్చు: కొత్త పూతను పాతదానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఆపండి, కొత్త నేలకు పాత గోడకు మధ్య సన్నని సందు వదలండి. వెరోనాలోని పాత కోట కాస్టెల్‌వెక్కియోను మ్యూజియంగా మార్చినప్పుడు ఆర్కిటెక్ట్ కార్లో స్కార్పా చేసింది ఇలాంటిదే. ఒక హెచ్చరిక: సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత వేయకండి. లోపలి చెమ్మ బయటికి రాలేక పైకి ఎగబాకుతుంది, ఉప్పు పేరుకుని ఇటుకే పొడి రాలుతుంది.

సామగ్రికీ జ్ఞాపకం ఉంటుంది, కానీ దాని స్వభావం తెలిసి వాడాలి. కొలంబియా రాజధాని బొగోటాలో శిల్పి డోరిస్ సాల్సెడో చేసిన ఫ్రాగ్‌మెంటోస్ స్మారకం (2018) నేలను తిరుగుబాటుదారులు అప్పగించిన 37 టన్నుల ఆయుధాలను కరిగించి పోసిన పలకలతో పరిచారు. పలకల అచ్చులను సుత్తులతో కొట్టి తీర్చింది ఆ యుద్ధంలో లైంగిక హింసకు గురైన స్త్రీలు. ఆ గదిలో నిలబడాలంటే ఆ తుపాకుల మీదే నిలబడాలి. అక్కడ సామగ్రే కథ. పైనున్న తుప్పు పొరే రక్షణగా నిలిచే కోర్టెన్ ఉక్కు విషయంలో మాత్రం చాలామంది రంగు చూసి మోసపోతారు. దాని తుప్పు పొర నిలదొక్కుకోవాలంటే తడిసి ఆరడం మారిమారి జరగాలి. నీళ్లు నిలిచే మూలల్లోనూ, ఉప్పుగాలి తగిలే సముద్రం ఒడ్డునా ఆ పొర కుదురుకోదు, ఉక్కు తినుకుపోతూనే ఉంటుంది. కుదురుకునేదాకా ఎర్ర నీళ్లు కారి కింది రాతినేలను మరక చేస్తాయి. కింద గులకరాళ్ల కాలువ, పైన నీటిని దూరంగా రాల్చే అంచు తప్పనిసరి. కాంక్రీటుదీ అంతే. బెర్లిన్‌లో పీటర్ ఐసెన్‌మన్ కట్టిన హోలోకాస్ట్ స్మారకంలో (2005) 2,711 దిమ్మెలున్నాయి. కొన్నేళ్లకే చాలావాటికి పగుళ్లొచ్చి, కొన్నింటికి ఉక్కు పట్టీలు బిగించాల్సి వచ్చింది. నిగనిగలాడే కాంక్రీటు ముఖం కావాలంటే ఒక నిలువెత్తు నమూనా పోయించి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం బయట ఉంచి చూడండి. ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం చుట్టూ ఉన్న మూడంచెల తొడుగు మొదట కంచుతో అనుకున్నారు. బరువు, ఖర్చు చూసుకుని కంచు రంగు పూసిన అల్యూమినియం పోతకు మారారు, అలాంటివి 3,600 పలకలు. ఆ నిర్ణయం సరైందేనని నా అభిప్రాయం. ఆ తొడుగు ఆకారం పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబా ప్రజల శిల్పంలోంచి వచ్చింది, దాని గుర్తు లోహం పేరులో లేదు.

పేర్ల గోడ పెట్టాలనుకుంటే మాత్రం ఎక్కువ సమయం దాని మీదే పెట్టండి. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకంలో (మాయా లిన్, 1982) 58,000కు పైగా పేర్లు అక్షరక్రమంలో లేవు, చనిపోయిన తేదీల వరుసలో ఉన్నాయి. అక్షరక్రమమైతే వందల మంది స్మిత్‌లు ఒకచోట చేరి టెలిఫోన్ డైరెక్టరీలా ఉండేది. తేదీల వరుసలో ఒకే రోజు ఒకే పోరులో పోయినవాళ్లు పక్కపక్కన ఉంటారు. పేరు వెతకడానికి పలక నంబరు, వరుస నంబరు ఇచ్చే పుస్తకం ద్వారం దగ్గరుంది. అక్షరాలు అర అంగుళం పైచిలుకు, అంటే దగ్గరికి వెళ్లి నిలబడక తప్పదు, అప్పుడు నునుపైన నల్ల గ్రానైట్‌లో చదివేవాడి ముఖం పేర్ల వెనక కనిపిస్తుంది. ప్రతి పేరు పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది: మరణం ఖాయమైతే వజ్రం, ఆచూకీ తెలియకపోతే శిలువ. తర్వాత అవశేషాలు దొరికి గుర్తించినప్పుడు ఆ శిలువ మీదే వజ్రాన్ని చెక్కేస్తారు. పాత రాతిని తీయకుండా సమాచారం మార్చుకునే ఏర్పాటు మొదట్లోనే ఆలోచించి పెట్టారు. న్యూయార్క్‌లోని సెప్టెంబర్ 11 స్మారకంలో 2,983 పేర్లను కుటుంబాల కోరికల ప్రకారం పేర్చారు: ఎవరి పక్కన ఎవరుండాలో 1,200కు పైగా వినతులు వచ్చాయి. కంచు పలకలో అక్షరాలు ఆరపార కోసినవి కాబట్టి రాత్రి కిందనుంచి వెలుగు వస్తుంది, పగలు పువ్వు గుచ్చొచ్చు. పుట్టినరోజున ఆ పేరులో తెల్ల గులాబీ గుచ్చుతారు.

ఇలాంటివి చేసేటప్పుడు పేర్ల జాబితాను కుటుంబాలకు కనీసం రెండుసార్లు చూపించండి, చెక్కేవాడికి ఇచ్చే ఫైలును మరొకరితో గట్టిగా చదివించండి. పలకలు విడివిడిగా ఊడదీసి మార్చేలా ఉండాలి. నూటికి అయిదు వంతులైనా ఖాళీ వదలండి, కొత్త పేర్లు తప్పకుండా వస్తాయి. మొత్తం సంఖ్యను మాత్రం ఎక్కడా రాతి మీద చెక్కించకండి, అది మారుతుంది.

బతికున్న సంస్కృతిని చూపే మ్యూజియంలో చిక్కు వేరే ఉంది. గతంలోని గుడిసెను పెద్దది చేసి కడితే ఆ జనాన్ని గతంలోనే బంధించినట్టవుతుంది. పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాలో రెంజో పియానో కట్టిన టిజిబావు కేంద్రం (1998) అక్కడి మూలవాసులైన కనక్ ప్రజల గుడిసెలను చూసి పుట్టిందే. కానీ దాని పది మండపాల ఇరోకో చెక్క పక్కటెముకలు పైన కలుసుకోవు, ఇంకా కడుతున్నట్టు తెరిచే ఉంటాయి. రెండు పొరల మధ్య గాలి ఆడి గదులు చల్లబడతాయి. అనుకరణ అయ్యేది అక్కడ ఆగిపోయింది. ఇలాంటి పనిలో ఆ జనంతో మాట్లాడాల్సింది ఆకారం గురించి కాదు: ఏ వస్తువు అందరూ చూడకూడదు, దేన్ని ఏ వైపు తిప్పి ఉంచాలి, పండగకు ఏది బయటికి తీసుకెళ్లాలి. ఆ జవాబులు గ్యాలరీని, స్టోర్‌ను, తలుపుల వెడల్పును మార్చేస్తాయి.

వెలుతురు సంగతి కొంత చెప్పాలి. బట్ట, కాగితం, ఫొటో మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలమానం) దాటకూడదు, అతినీలలోహిత కిరణాలు ల్యూమెన్‌కు 75 మైక్రోవాట్లు దాటకూడదు. బయట ఎండ 50,000 లక్స్ పైమాటే. ఆ ఎండలోంచి నేరుగా వచ్చినవాడికి గ్యాలరీ చీకటి కొట్టంలా ఉంటుంది, వెంటనే లైట్లు పెంచమని ఫిర్యాదు వస్తుంది. మధ్యలో 1,000, 300, 100 లక్స్‌గా తగ్గే గదులు పెట్టి, పాడవని పరిచయ పలకలన్నీ అక్కడ ఉంచండి.

శబ్దం గురించి ఎవరూ ముందు ఆలోచించరు. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తున్న వట్టి కాంక్రీటు హాలు తీసుకోండి. ఘనపరిమాణం 1,600 ఘనపు మీటర్లు, ఉపరితలం 880 చదరపు మీటర్లు. కాంక్రీటు శబ్దాన్ని పీల్చుకునే గుణకం 0.02 అనుకుంటే గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో లెక్కకట్టే సబీన్ సూత్రం ప్రకారం ప్రతిధ్వని 14 సెకన్ల పైన. మనుషులు, గాలి కొంత తగ్గించినా సాక్షుల గొంతు వినిపించే వీడియోలో ఒక్క ముక్కా అర్థం కాదు. సీలింగు 200 చదరపు మీటర్లకు 0.8 గుణకం ఉన్న పూత వేస్తే అదే హాలు ఒకటిన్నర సెకనుకు దిగుతుంది. గోడలు కాంక్రీటుగానే ఉంచుకోవచ్చు.

నేల కిందికి దిగే మ్యూజియాలకు నీళ్లే మొదటి శత్రువు. న్యూయార్క్‌లోని సెప్టెంబర్ 11 మ్యూజియంలో కూలిన జంట భవనాల పునాది గోడనే ప్రదర్శనగా ఉంచారు, నదివైపు ఊటను ఆపేది కూడా అదే గోడ. 2012లో శాండీ తుపానుకు, ఇంకా కడుతున్న ఆ మ్యూజియంలోకి సుమారు 7 అడుగుల నీళ్లొచ్చాయి. పంపులు రెండు వరుసలుండాలి, వాటి జనరేటరు నేల మీద ఉండాలి, అసలు పత్రాల స్టోర్ ఎప్పుడూ పై అంతస్తులోనే ఉండాలి.

చివరిగా ప్రారంభోత్సవం తేదీ. స్మారక మ్యూజియాలకు వార్షికోత్సవం రోజునే తెరవాలన్న ఒత్తిడి తప్పదు, నష్టం జరిగేది అక్కడే. కొత్త కాంక్రీటు నెలల తరబడి తేమనూ క్షార ధూళినీ వదులుతుంది, దాని పక్కన పెట్టిన చిత్రాలు, బట్టలు దెబ్బతింటాయి. ఓక్ చెక్కతో చేసిన పెట్టెలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసపు వస్తువులను తినేస్తుంది. పెట్టెల్లో వాడే చెక్క, రంగు, జిగురు అన్నింటికీ వాటి ఆవిరి లోహాన్ని తింటుందో లేదో చూసే ఆడీ పరీక్ష చేయించాలి, వెండి, రాగి, సీసం ముక్కలతో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు పడుతుంది. ఒకటి తప్పితే సామగ్రి మార్చి మళ్లీ మొదటి నుంచి. ఏసీ నడిపి గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటోందని కనీసం ఒక ఏడాది రుతువులన్నిటిలోనూ చూసుకున్నాకే అసలు వస్తువులు లోపలికి రావాలి. కాబట్టి తేదీని రెండుగా విడగొట్టండి. న్యూయార్క్‌లో పదో వార్షికోత్సవానికి, 2011లో, ఆరుబయటి స్మారకాన్ని పేర్లతో సహా తెరిచారు, కింది మ్యూజియం 2014 మే నెలలో గానీ తెరుచుకోలేదు.